గుట్ట మీది ఖాకీ ముడుపు

ఆదివారమనేది పొద్దెక్కేదాక పండుకోవడానికే పుట్టిందని నేను గట్టిగ నమ్మిన కాలం అది. చదువు అయిపోయి, సిద్దిపేటల ఒక సెల్‌ఫోన్ రిపేరు దుకాణంల కొత్తగ పనికి చేరిన. వారమంత పగిలిన ఫోన్ల అద్దాలు మార్చుడు, అవి ఎట్ల పగిలినయో వాటి ఓనర్లు చెప్పే కథలు వినుడు. (తన చేతిల నుంచి పడ్డదని చెప్పినోడు ఒక్కడు లేడు. అన్ని ఫోన్లు వాటంతట అవే దుంకినయి.) అసొంటి వారం చివర దొరికిన ఒక్క ఆదివారాన్ని తీస్కపోయి గుట్ట మీద చెత్త ఏరడానికి ఇచ్చిన. ఎందుకంటే ఆ ఎండకాలం మా బాపు ఇంటికి సున్నం ఎయ్యాలని పట్టుపట్టిండు. సున్నమా, సమాజసేవనా అని చూసుకుంటే సమాజసేవ జర తేలికగ కనబడ్డది.

సేవకు పిలిచినాయన మా కాలనీల జిమ్ము నడిపే అన్న. అందరం కెప్టెన్ అనెటోళ్లం. మెడల ఎప్పుడు చూసినా ఒక ఈల ఏలాడేది. దేనికి కెప్టెన్ అని ఎవ్వరు అడగలే, ఈల ఉన్నది గదా అని ఊకున్నరు. బెజ్జంకి దిక్కు పోయే తొవ్వల ఒక గుట్ట, పైన చిన్న గుడి. (గుట్ట పేరు చెప్ప. చెప్తే ఇంకింత జనం వస్తరు, కెప్టెన్ రేపే మళ్ల ఆటో మాట్లాడుతడు.) జనం మొక్కు తీర్చుకోను వస్తరు, యాటను కోస్తరు, తింటరు, తాగుతరు, దండం పెట్టి దిగిపోతరు. ప్లేట్లు, గ్లాసులు, సీసలు మటుకు దేవుని దగ్గర్నే ఉండిపోతయి. మొదటి ఆదివారం గుట్ట కింద మమ్మల్ని లైనుగ నిలబెట్టి కెప్టెన్ గొంతు బరువు చేసుకున్నడు. "ఇది గుట్ట కాదు తమ్మీ, మన తల్లి. తల్లి మీద ఎవడన్న చెత్త ఏస్తడా?" అన్నడు. అందరి కండ్లు తడి అయినయి. నేను ఊకుంటే అయిపోవు. "మరి తల్లిని తొక్కుకుంట పైకెక్కుడు మంచిగుంటదా అన్నా?" అన్న. కెప్టెన్ ఈల ఊదిండు. ఆ పొద్దుటి నుంచి నా పేరు పంక్చర్.

ఎక్కేముందు అందరికి ఉప్మా పెట్టెటోళ్లు, ప్లాస్టిక్ ప్లేట్లల్ల. తిన్నంక ఆ ప్లేట్లనే మొదటి సంచిల ఏస్తే, గుట్ట ఎక్కకముందే సగం సంచి నిండేది. "ఇంట్లనే తిని వస్తే గుట్ట ఇంకింత సాఫ్ ఉంటది గదా" అన్న. వచ్చే వారం నుంచి ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకోవాలని ఆర్డరైంది, నాకు ఉప్మా తక్కువ పడ్డది. ఇగ ఫొటోల సంగతి. ఒక చిప్స్ పాకిట్‌ను కెప్టెన్ వంగి తీసినట్టు ఫొటో, ఫొటో సరిగ రాకపోతే పాకిట్ మళ్ల కింద ఏసి ఇంకో ఫొటో. ఆ పాకిట్‌ను ఏరినన్ని సార్లు లోకంల ఏ పాకిట్‌ను ఎవ్వరు ఏరి ఉండరు. అయినా ఒక మాట నిజం. ఎండల నడుము ఇరిగేటట్టు సీసపెంకులు ఏరి, ఎనుకకు తిరిగి చూస్తే మెట్లు మెట్లలెక్క కనబడేటియి. ఒకపాలి చెప్పులిడిసి ఎక్కుతున్న ముసలవ్వ ఒకామె నా దగ్గర ఆగి, "ఈసారి కాళ్లకు ఏం గుచ్చుకోలే బిడ్డా" అని చెప్పి పోయింది. ఆ మాటకు నా దగ్గర పంక్చర్ లేకుండె. సున్నం పని అయిపోయినంక గూడ నేను గుట్టకు పోవుడు బంద్ చెయ్యలే.

అట్ల ఒక్కో ఆదివారం ఒక్కో మలుపు సాఫ్ చేసుకుంట గుడి ఎనుకకు చేరినం. అక్కడ బండ పగులుల నుంచి మొలిసిన జువ్వి చెట్టు ఒకటి ఉన్నది. దానికి జనం ముడుపులు కడతరు. కోరిక చెప్పుకొని, పసుపు బట్టల గుప్పెడు బియ్యం, ఒక రూపాయి బిళ్ల ఏసి మూట కట్టి కొమ్మకు ఏలాడదీస్తరు. కోరిక తీరినంక వచ్చి ఎవరి ముడుపు వాళ్లే ఇప్పుకుంటరు. ఇది మాకు అందరికి ఎరుకనే. గని ఈ నడుమ జనం తెలివి మీరిన్రు. వానకు బట్ట మురుగుతదని ముడుపును ప్లాస్టిక్ కవర్ల పెట్టి కడుతున్నరు. చెట్టుకు ఆకులెన్నో కవర్లు గన్ని, గాలి వస్తే చెట్టంత చరచర అంటది. కెప్టెన్ దాన్ని చూసి గుండె మీద చెయ్యి పెట్టుకున్నడు. "చెట్టుకు ఊపిరి ఆడుతలేదు" అన్నడు. మా సంచులు మోసే ట్రాలీ ఆటో భాయ్ అడ్డం వచ్చిండు. "అన్నా, యే మన్నత్ కా హై. హాత్ నక్కో లగావ్" అన్నడు, మొక్కుది ముట్టొద్దని. కెప్టెన్ మెల్లగ నవ్విండు. "మన్నత్ మనసుల ఉంటది భాయ్, ప్లాస్టిక్‌ల కాదు."

ఆ మాట ఎంత బాగుండెనంటే నేను గూడ గాలి తియ్యడం మర్చిపోయిన. అందరం కలిసి చెట్టును సాఫ్ చేసినం. చేసినంక చెట్టు నిజంగనే అందంగ ఉండె. ముందు ఫొటో, తర్వాత ఫొటో పక్కపక్కన పెట్టి, కింద 'చెట్టుకు ఊపిరి వచ్చింది' అని రాసి, అందరం స్టేటస్ పెట్టుకున్నం. సంచులు ఎప్పటిలెక్కనే గుట్ట కింద పెట్టినం. తెల్లారి ఊరి ట్రాక్టరొచ్చి డంపింగు యార్డుకు తీస్కపోతది.

ఆ తెల్లారే, నేను ఇంక దుకాణం షట్టర్ ఎత్తకముందే, మా మేనత్త ఫోన్ చేసింది.

"అల్లుడా, నీ స్టేటస్‌ల ఉన్నది గుట్ట మీది జువ్వి చెట్టేనా?"

"ఆఁ అత్తా. మంచిగ వచ్చిందా ఫొటో?"

"మంచిగనే ఉన్నది. నా ముడుపేది?"

మా మామ గురించి చెప్పకుంటె ఈ ప్రశ్న మీకు సమజు కాదు. ఆయన బస్సు డ్రైవరు. సిద్దిపేట నుంచి ప్రజ్ఞాపూర్ దాక ఆయన తిట్టని సైకిలు లేదు, మేక లేదు. ఇంటికొచ్చినంక తొవ్వల మిగిలినయి అత్తకు. "చాయల చక్కెర ఏసినవా, చక్కెరల చాయ పోసినవా?" అని ఆయన, "తాగితే తాగు, లేకుంటె కిందికి దిగు" అని ఆమె. పెండ్లయిన కాడికెల్లి ఇద్దరి ముచ్చట అదే, ఇంకో ముచ్చట మేం ఇనలే. రిటైరై ఇంట్ల కూసున్న ఏడాదే మామకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పొద్దే పోయినయి. దవాఖాన నుంచి తెచ్చినంక చెయ్యికి, కాలికి అత్త అలవాటు పడ్డది. ఇల్లు సప్పుడు లేకుండ అయింది సూడు, దానికి పడలే. ఒకనాడు మామ ఖాకీ అంగీ చెయ్యి చింపి, పసుపు నీళ్లల్ల ముంచి (ఖాకీకి పసుపు పట్టదు, అయినా ముంచింది), ముడుపు కట్టి, కడిగిన నూనె పాకిట్‌ల పెట్టి, గుట్టెక్కి చెట్టుకు ఏలాడదీసింది. "సామీ, ఈ మనిషి నన్ను మళ్ల నోరార ఒక్కసారి తిడితే, నేనే వచ్చి ఇప్పుకుంట."

మొక్కు తీరకముందే ముడుపు ఊడితే ఏమైతదో ఫోన్ల అత్త చెప్పలే. "ఎట్లనన్న తెచ్చియ్యి కొడుకా" అన్నది. మా అత్త నన్ను ఆర్డరేసుడే గని బతిమిలాడుడు నేను ఎన్నడు ఇనలే. దుకాణం తాళంచెవి పక్క చాయ్ హోటల్‌ల ఇచ్చి ఉరికిన.

కెప్టెన్, ఆటో భాయ్, నేను గుట్ట కిందికి పోయేసరికి ట్రాక్టర్ వచ్చి పోయింది. రోజు ఆలస్యంగ వచ్చే ట్రాక్టర్ అది. యార్డు దిక్కు చూస్తే పొగ లేస్తుండె. కెప్టెన్ ఆ తొవ్వంత ఈల పిడికిట్ల పట్టుకొని కూసున్నడు. మా అదృష్టం, కాలుతున్నది ఆ మూలకు ఎండాకు. మా సంచులు ఈ మూలకు, కుప్ప మీద, కట్టు గూడ ఇప్పకుండ ఉండె. వాటిని కిందికి గుంజి చూస్తే కవర్లే కవర్లు, ఏది ఎవరిదో దేవునికే ఎరుక. ఇంతల అత్త ఇంకో ఆటోల దిగింది. మామను గూడ తెచ్చింది. ఇంట్ల ఇడిసి రాను ఎవ్వరు లేరట.

కెప్టెన్ ఆమె ముంగట రెండు చేతులు జోడించి మోకాళ్ల మీద కూసున్నడు. "అక్కా, తప్పయింది. నన్ను నీ చెప్పుతోని కొట్టు."

అత్త కింద మీద చూసింది. "చెప్పులు కొత్తయి, ఖరాబైతయి. లేసి సంచులు మొయ్యి."

"నీ ముడుపు ఒక్కటి దొరికితే సాలు గదా అత్తా?" అని నేనన్న.

"నాదొక్కటేనా? మిగిలినోళ్లకు స్టేటస్ చూసే ఫోన్లు లేకుంటె వాళ్లయి చెత్తనా?"

మామను ట్రాలీ ఆటో ముందు సీట్ల కూసోబెట్టుకొని మళ్ల గుట్ట కిందికొచ్చి, ఆయనను భాయ్ దగ్గర ఇడిసినం. అట్ల మా సంఘం చరిత్రల మొదటిసారి చెత్త సంచులు గుట్ట మీదికి ఎక్కినయి. దిగొస్తున్న జనం ఆగి ఆగి చూసిన్రు. ఒక పెద్దమనిషి ఉండబట్టలేక, "మొన్నటి దాక కిందికి తెచ్చిన్రు గదా బిడ్డా, మల్ల పైకెందుకు తీస్కపోతున్నరు?" అన్నడు. కెప్టెన్ చెమట తుడుచుకుంట, "నిన్న పొరపాటున మొక్కులు ఏరినం పెద్దమనిషీ" అన్నడు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి పట్టుకొని పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిండు. ఆ జరుగుడు సంచిని ఇంకింత బరువు చేసింది.

చెట్టు కింద కూసొని ఒక్కో కవర్ ఇప్పినం. లోపట పసుపు బట్టలు, ఎర్ర బట్టలు, ఒకటి చిన్న పిల్ల గౌను ముక్క, ఒకటి ఎవరిదో లుంగి అంచు. ముందు కొన్నిటికి నేను ఏవో జోకులు ఏసిన. గౌను ముక్క వచ్చినంక ఆపిన. ఖాకీ ముడుపు దొరికినప్పుడు అత్త దాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని చూసింది. నూనె వాసనొస్తున్నదట. కెప్టెన్ భయం భయంగ, "అక్కా, మల్ల కవర్లల్ల పెట్టి కట్టాల్నా?" అన్నడు.

"కవర్లు నువ్వు తీస్కపో, అవి నీయి. ముడుపులు ఈడ ఉండని. తడిస్తే తడుస్తయి. మా అమ్మమ్మలు కట్టినయి తడవలేదా ఏంది?"

ఒక్కోటి కట్టుకుంట పోయినం. ఎవరి కొమ్మ ఏదో మాకు తెల్వదు. ఎవరి కోరిక ఎవరి పక్కన పడ్డదో మరి. అన్ని అయినంక, ఆఖరికి అత్త తనది కట్టను చెయ్యి ఎత్తింది. అప్పుడే కింది నుంచి హారన్ మోగింది. ఒకటే పొడుగు మోత. ఆగి, మళ్ల ఇంకా పొడుగు. గుట్టంత దద్దరిల్లింది. వంగి చూస్తే ట్రాలీ ఆటో ముందు సీట్ల మామ ఒక్కడే ఉన్నడు. ఎడమ చెయ్యి హారన్ మీద ఉన్నది. మేము పైకి వచ్చి చాన సేపయింది గదా, ఎండల కూసొని కూసొని ఆయనకు మండింది. (భాయ్ చాయ్ తాగను పోయిండట. హోటల్ నుంచి ఉరికొచ్చి, "చిచ్చా గుస్సే మే హై" అని మాకు ఫోన్ చేసిండు. మాకు అప్పటికే సమజైంది.)

అత్త చెయ్యి అట్లనే ఎత్తి నిలబడ్డది. మొఖం ఎట్లైందంటే, నేను దాన్ని వర్ణించ. "ఇన్నవా అల్లుడా," అన్నది, "గిది ప్రజ్ఞాపూర్ చౌరస్తాల లారోళ్లను తిట్టే హారను."

"తిట్టినట్టే అత్తా. ఇంకేంది, ముడుపు ఇప్పేసుకో" అన్న. నిజంగనే అన్న, నవ్వించడానికి కాదు. కెప్టెన్ గూడ ఈల నోట్ల పెట్టుకున్నడు ఊదడానికి.

అత్త కొమ్మను దగ్గరికి గుంజుకున్నది. "ఊకో. హారను హారనే, మాట మాటే. దేవుని దగ్గర గోల్‌మాల్ చేస్తమా?" అని ముడి గట్టిగ ఏసింది. ఏసి, "ఆఁ ఆఁ, వస్తున్న! అరిసి సస్తవేంది!" అని కిందికి కేకేసి, మెట్ల మీద ఉరికినట్టే దిగింది. మోకాళ్ల నొప్పులని మొన్నటి దాక మందులు మింగిన మనిషి.

మా ఆదివారాలు ఆ తర్వాత గూడ నడిసినయి, ఇప్పటికి నడుస్తున్నయి. ఇప్పుడు కవర్ ఇప్పి ముడుపును బయట కట్టమని జనానికి చెప్పుడు మా పని. కొందరు ఇంటరు, కొందరు మమ్మల్నే తిడుతరు. మామకు మాట రాలే. రెండు మూడు సప్పుళ్లు వచ్చినయి గని అవి మాటలు కాలే. ఒక వానకాలం, పొద్దున చాయ్ తాగి ఒరిగిన మనిషి ఒరిగినట్టే పోయిండు.

కర్మకాండలయి చాన రోజులైనంక అత్త ఒక ఆదివారం మాతోని గుట్టకు వచ్చింది. గ్లౌజులు తొడుక్కొని మాతోపాటు సీసలు ఏరింది. చెట్టు దగ్గరికొచ్చేసరికి నేను ఎనుకకు పడ్డ. ఖాకీ రంగు పోయి అది బండ రంగుకొచ్చింది. ముడి మటుకు ఎక్కడికి పోలే.

"అత్తా, ఇప్పుదమా మరి?" అని అడిగిన.

ఆమె దాని దిక్కు చూసింది. "ఎందుకురా? ఇంకా తిట్టలేదు గదా" అన్నది. అని, వంగి పక్కనున్న గ్లాసు ఒకటి తీసి సంచిల ఏసుకొని ముందుకు నడిసింది.

నా దగ్గర ఒక మాట ఉండె ఆ పొద్దు, నాలిక మీదికి గూడ వచ్చింది. మింగిన. లోకంల ఉన్న ప్రతి దానికి గాలి తియ్యొచ్చని అనుకున్న ఆ సెల్‌ఫోన్ దుకాణం పిలగాడు నాకు ఇప్పటికి గుట్ట మీద అప్పుడప్పుడు ఎదురైతడు. ఉప్మా గిన్నె పట్టుకొని, జుట్టు దువ్వుకొని, పాపం చాన తెలివైనోడిలెక్క నిలబడి ఉంటడు. నేనే జర పక్కకు జరిగి తొవ్వ ఇస్త.