జొన్నల వాన

మొన్న కడపలో మా మామ సంతాప సభకు పోయాను. మామ అంటే మా అమ్మకు తమ్ముడు. హాలు గుమ్మం దగ్గర కట్టిన ఫ్లెక్సీలో ఆయన జుట్టు నల్లగా ఉంది. అది డెబ్బై దాటాక తీసిన ఫోటోనే, ఆ చొక్కా నాకు తెలుసు. జుట్టుకు మాత్రం ఎవరో కంప్యూటర్లో రంగు వేశారు. కింద నాటక రచయిత, రేడియో ప్రయోక్త, పాత్రికేయుడు అని రాసి, అవి చాలవన్నట్టు ‘సీమ గొంతుక’ అని ఇంకొకటి తగిలించారు. పోయినవాళ్ళ గురించి ఇంత పెద్ద అక్షరాలు చూస్తే నాకు అనుమానం. మామ విషయంలో ఆ అనుమానం నాకు కొత్తది కాదు, చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఉన్నదే. నిర్వాహకుడు వచ్చి, “మీరూ రెండు మాటలు చెప్పాలమ్మా” అన్నాడు. చూద్దామన్నాను కానీ చెప్పే ఉద్దేశం లేదు. మా ఇంటి గుట్టు ఊరందరికీ వినిపించిన మనిషిని పొగడడానికి నాకు నోరు రాదు.

మామ మొదట కర్నూల్లో ఒక పేపరుకు విలేకరి. సాయంత్రాలు నాటకాలు రాసి పరిషత్తు పోటీలకు పంపేవాడు. తర్వాత కడప రేడియోలో చేరాడు. గ్రామస్తుల కార్యక్రమం ఆయనదే, వారానికొక నాటిక కూడా. “పేపరైతే తెల్లారేదాకా కాసుకోవాల. రేడియో మాట ఈడ అంటే ఆ నిమిషానికే బద్వేల్లో వినపడుతుంది, బేతంచెర్లలో వినపడుతుంది” అని గొప్పగా చెప్పేవాడు. మాటలు ఎక్కడ దొరికితే అక్కడ ఏరుకునేవాడు. ఒకసారి మహానంది కోనేట్లో స్నానం చేస్తుంటే, మెట్ల మీద ఇద్దరు ముసలమ్మలు కోడళ్ళ గురించి తగువు పడుతున్నారట. ఆ తగువు తేలేదాకా నీళ్ళలోనే ఉండి, చలికి పళ్ళు కొట్టుకుంటూ బయటికి వచ్చాడట. ఆ కోడళ్ళు మరుసటి వారం రేడియోలో ఉన్నారు. బంధువుల పెళ్ళిళ్ళలో ఆయన వచ్చి బంతిలో కూర్చుంటే చుట్టూ మాటలు ఆగిపోయేవి. “రేడియో వచ్చెనప్పా, ఇంక వంకాయ కూర గురించి మాట్లాడుకోండి” అని ఎవరో ఒకరు అనేవాళ్ళు. మామ అందరికంటే గట్టిగా నవ్వేవాడు. ఆ నవ్వుతూనే వినేవాడని మా అమ్మ అనేది.

నాటికల్లో చప్పుళ్ళు కూడా ఆయనే చేసేవాడు. మా అత్త ఆడ గొంతులు పలికేది. వాన కావాలంటే చేటలో జొన్నలు పోసి మైకు దగ్గర అటూ ఇటూ మెల్లగా వంచేవాడు. ఆ చేట మా అమ్మ ఇచ్చిందే. మా దిక్కు వాన చప్పుడు వింటే మనిషి ముందు లేచి పరిగెత్తుతాడు, తర్వాతే ఆలోచిస్తాడు. జొన్నలని తెలిసినవాళ్ళు కూడా అంతే.

మేము అప్పట్లో బేతంచెర్లలో ఉండేవాళ్ళం. నాన్న బండల పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీ. సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమల మీద కూడా తెల్లటి రాతి పొడి ఉండేది. పత్తికొండ దిక్కు ఆయన సొంతూర్లో కొంచెం మెట్టచేను ఉండేది. అమ్మ చేతి గాజులు అమ్మి ఆ చేన్లో బోరు వేయించాడు. ఊరి నుంచి తిరిగొచ్చి, “నీళ్ళు పడినాయి, కరెంటు లైను రావాలంతే” అన్నాడు. ఆ లైను ఎన్ని నెలలు గడిచినా రాలేదు. అమ్మ మాత్రం ఆ నీళ్ళతో మనసులో మడులు కట్టుకుంది. ఒక మడిలో వంగ, ఒక మడిలో ఉల్లి. ఇరుగుపొరుగు వాళ్ళకూ చెప్పుకుంది. నాన్న ఆ మాటలు వింటూ అన్నం కలుపుకునేవాడు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి ఒక సాయంత్రం. నాన్నకు రేడియో వినే అలవాటు లేదు. ఆరోజు పెందలాడే వచ్చి, తానే రేడియో పెట్టి, శబ్దం పెంచి, “మీ తమ్ముని నాటకం వస్తాదంట” అని బయటికి పోయాడు. అమ్మ చెనక్కాయలు ఒలుస్తూ వింటోంది. నాటికలో ఒకడు భార్య నగతో బోరు వేస్తాడు. చుక్క నీరు పడదు. ఆ మాట చెప్పలేక, నీళ్ళు పడ్డాయి, లైను రావాలి అంటాడు. అమ్మ చేతులు ఆగిపోయాయి. చివర్లో ఆ భార్యకు నిజం తెలియగానే వాన మొదలైంది. అమ్మ గబుక్కున లేచి, ముంగిట్లో ఆరబెట్టిన మిరపకాయలు ఎత్తడానికి పరిగెత్తింది. నేను వాకిలి దగ్గరే నిలబడ్డాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. మిరపకాయల పక్కన బండ మీద నాన్న కూర్చుని ఉన్నాడు.

“పళ్ళేదా నీళ్ళు?” అంది అమ్మ.

“పళ్ళేదు” అన్నాడు నాన్న.

ఇల్లు కూలిపోతుందనుకున్నాను. కూలలేదు. అమ్మ కాసేపు నిలబడి, తానూ ఆ బండ మీదే కూర్చుంది. కోపం వచ్చింది మరునాడు, అదీ నాన్న మీద కాదు, తమ్ముని మీద. పక్కింటామె “నిన్నటి నాటకం మీదేనా వదినా?” అని అడిగిందట. వానికి ఎవరు చెప్పినారని అమ్మ నాన్నను నిలదీసింది. “నాకేం తెలుసు” అన్నాడు నాన్న. ఇక అనుమానం ఇంటింటికీ తిరిగింది. చేనికి పోయిన కూలీల మీద కొన్నాళ్ళు, నాన్న ఊరివాళ్ళ మీద కొన్నాళ్ళు, నా మీద చాన్నాళ్ళు. “బడి నుంచి వస్తా వస్తా ఏమన్నా వాగినావా?” అని జడ వేస్తూ అడిగేది. అడిగిన రోజు జడ బిగుతుగా ఉండేది. మామ ఊరికూరికే నా స్నేహితుల గురించి, టీచర్ల గురించి అడగడం గుర్తొచ్చి నాకూ ఆయన మీద అనుమానం పట్టుకుంది. ఆ తర్వాత ఆయన వస్తే అమ్మ అన్నం పెట్టేది, మజ్జిగ పోసేది, మాట మాత్రం కొలిచి మాట్లాడేది. ఉప్పు తక్కువైందా అని అడిగి, “ఇది కూడా రాసుకోరా” అనేది. మామ తల వంచుకుని తినేవాడు. నాన్న పోయాక కూడా అది మారలేదు. అమ్మ పోయేనాటికీ మారలేదు.

సభలో ఎవరో మామను గంగాప్రవాహంతో పోలుస్తున్నారు. అత్త నా పక్క కుర్చీలోకి వచ్చి కూర్చుంది. “మాట్లాడవా పాపా?” అంది.

“ఏం మాట్లాడాలత్తా? మా ఇంటి బోరు గురించా?”

అత్త నా వైపు తిరిగింది. “ఇంక చెప్పొచ్చులే. మీయమ్మ లేదు, మీ నాయన లేడు, ఆయనా లేడు. ఆ నాటకం మీ నాయన రాయించుకున్నాడు పాపా. కడపకొచ్చి మా ఇంట్లో కూర్చుని ఏడ్చినాడు. ‘నా నోటితో చెప్పలేకుండా ఉండా, నువ్వే చెప్పు బామ్మర్దీ’ అన్నాడు. ‘నేను చెప్పినట్టు ఎవరికీ తెలీకూడదు’ అని ఒట్టేయించుకున్నాడు.”

నేను నమ్మలేదు. అత్త గొంతును నమ్మడం కష్టం. ఆ గొంతు రేడియోలో ఎంతమందికి తల్లిగా, ఎంతమందికి భార్యగా ఏడ్చిందో నాకు తెలుసు. పోయిన మొగుని మీది మచ్చ తుడవడానికి ఒక చిన్న నాటిక ఆడలేదా?

“అమ్మకు తర్వాతైనా చెప్పుండొచ్చు కదా మామ” అన్నాను.

“నేనూ శానాసార్లు అన్నా. ‘అక్క నా మీద కోపంతో బతకగలదు. బావ మీద కోపం పెట్టుకుంటే యాడికి పోతాది?’ అనేవాడు. మీ నాయన పోయినాక చెప్పమంటే, పోయినోని మీద చాడీ చెప్పమంటావా అని నా మీద లేచినాడు.” అత్త ఇంకొంచెం దగ్గరికి జరిగింది. “ఆయన రాసిన దాంట్లో వాన కూడా లేదు పాపా. మీ నాయనే పెట్టమన్నాడు. ‘మిరపకాయలు ఎండబోసింటాది, వాన చప్పుడింటే బయటికొస్తాది, నేను ఆడ కూర్చునింటా’ అన్నాడు.”

ఆ ముంగిట్లో నాన్న కూర్చున్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మ చెప్పే మనిషి కాదు. నాన్న చెప్పి ఉంటే తప్ప అత్తకు అది తెలిసే దారి లేదు. ఇన్నేళ్ళూ నేను ఆ బండ మీద కూర్చున్న నాన్నను గుర్తు చేసుకుని, పాపం, లోపల ఏం జరుగుతోందో తెలియక కూర్చున్నాడనుకునేదాన్ని. ఆయన అమ్మ కోసం కాసుకుని ఉన్నాడు.

మైకులో నా పేరు పిలిచారు. పోయి నిలబడ్డాను. మా మామకు మాట నిలబెట్టుకోవడం తెలుసని మాత్రం చెప్పి దిగి వచ్చాను. ముందు వరసలో ఎవరో అలవాటుగా చప్పట్లు కొట్టారు. రేడియో మాట ఆ నిమిషానికే అందరికీ చేరుతుందని మామ అనేవాడు. ఆ నాటికలో ఆయన చెప్పకుండా ఉంచిన మాట బేతంచెర్లలో మా ఇంటికి చేరేసరికి, ఆ ఇంటివాళ్ళలో వినడానికి నేనొక్కదాన్నే మిగిలాను.