నాలుగు కట్టల గంప

యుద్ధం మొదలైన మరుసటి ఏడు నేను ఎల్లారెడ్డిలో బీడీలు పరీక్షించేవాణ్ణి. కార్ఖానా కామారెడ్డిలో ఉండేది. అక్కడి నియమం అందరికీ ఒకటే. రోజూ ప్రతి గంపలోంచి రెండు కట్టలు తీసి, ఆ యాభై బీడీలూ విప్పి చూడాలి. ఐదుకు మించి చెడ్డవి వస్తే గంప వాపసు. మూడుసార్లు వాపసైతే ఆకు, తంబాకు ఇవ్వడం బంద్. విప్పిన బీడీ మళ్లీ బీడీ కాదు.

నలభై కట్టలు తెచ్చేవాళ్లకు రెండు పోయినా తెలిసేది కాదు. వేళ్లు వాచిన ఒక ముసలవ్వ నాలుగే తెచ్చేది. అప్పటికే రెండుసార్లు ఆమె గంప వాపసయింది.

"పిడికెడు జూస్త అని సగం గంప ఊడ్సుకపోతున్నవ్ గదరా కొడుకా! పరీక్ష జేస్తున్నవా, పాలు పంచుకుంటున్నవా?" అనేది.

ఆమెవి యాభైకి బదులు ఐదే విప్పుదామనుకున్నాను. కానీ ఐదింటిలో ఒకటి బోలుగా వస్తే ఏం తెలుస్తుంది? బడికి పోయి నేర్చిన లెక్క కాదు నాది. చిత్తుకాగితాల వెనక వేసి వేసి కళ్లు లాగేవి. యాభైకి తగ్గితే తీర్పును నమ్మలేం. ఆ యాభై మొత్తంలో పదోవంతు దాటితే, తీసే ఒక్కో బీడీతో మిగిలిన గంపలో మంచీచెడ్డల పాళ్లే మారిపోతాయి. రెండూ కుదరాలంటే గంపే పెరగాలి. రోజుకు వంద చొప్పున ఆరు రోజులవి కలిపితే ఆరువందలు.

కామారెడ్డి వెళ్లి, ఆమె గంప ఆరు రోజులకోసారి చూస్తానని కార్ఖానా మున్షీకి చెప్పాను. ఆయన తలెత్తలేదు.

"ఏంది, ఒక్క ముసల్దాని కోసం కొత్త ఖానూన్ పెడ్తవా? నీ జిమ్మేదారి మీద చేస్కో. తప్పితే గదే మూడో వాపసు, యాద్ పెట్టుకో."

ఆరు రోజులయ్యాక అవ్వ వచ్చింది. కట్టలన్నీ విప్పి, చాపమీద కుప్పపోసి కలిపాను. పైనుంచి, అడుగునుంచి యాభై ఏరాను. ఒక్కోటీ విప్పి, లోపల బోలుగా ఉన్నవి, దారం జారినవి పక్కన పెడుతూ పోయాను. ఎనిమిది వచ్చాయి. మరోసారి లెక్కపెట్టాను.

"ఇప్పుడు నీ లెక్క సక్కగున్నదా?"

"సక్కగనే ఉన్నదవ్వా."

"పాతదే నయముండె. నిన్ను తిట్టుకుంట బతికేదాన్ని."

ఆమె కోసం తడిపి ఉంచిన ఆకును తీసి, వరుసలో అవ్వ వెనక నిలబడ్డ ఇంకొకామెకు తూచాను.