సెర్బియా దొర, మా గుడి రాయి

కాలేజీలో కంప్యూటర్ సైన్స్ వదిలేసి మధ్యయుగ చరిత్ర చదువుతానని నేను అన్నప్పుడు, నా మనసు మార్చే పనిని నాన్న తన స్నేహితుడికి అప్పగించారు. అమెరికాలో మేముండే క్యారీ ఊళ్లో గుడి కట్టించిన దాతల్లో ఆ అంకుల్ ఒకరు. ఆయన మాటంటే మా ఇంట్లో తీర్పే.

ఆదివారం గుడిలో పులిహోర తింటూ మొదలుపెట్టారు.

“ఇంతకీ నువ్వు చదివేది ఎవరి గురించమ్మా?”

“సెర్బియాలో ఒకప్పటి దొర, అంకుల్. కుటుంబమంతా కలిసి చర్చి కట్టించారు.”

“మరి జాబ్ ఎవరిస్తారు? ఆ దొరేనా?”

“ఆయన హైరింగ్ ఆపేసి చాలా కాలమైంది అంకుల్. అయినా చదువుతా.”

ఫోన్‌లో ఫొటో చూపించాను. ఆ చర్చి గోడ మీద దొర బొమ్మ. చేతుల్లో బుల్లి చర్చి, పక్కనే ఆయనంత ఎత్తున భార్య.

పక్కన కూర్చున్న అంకుల్ భార్య వంగి చూశారు. “ఆవిడ తల దగ్గర ఏదో రాసుందేంటి?”

“ఆవిడ పేరు, ఆంటీ.”

ఆంటీ తల తిప్పి, ఎదురుగా గోడకున్న దాతల రాయిని చూశారు. అంకుల్ పేరు, ఆ పక్కన ‘అండ్ ఫ్యామిలీ’.

“ఏవండీ, ఆ ఫ్యామిలీ అంటే నేనేనా?”

అంకుల్‌కి పులిహోరలో ఎండుమిరపకాయలు ఏరడం ఉన్నట్టుండి చాలా ముఖ్యమైపోయింది.

“నువ్వు చదువుకో తల్లీ,” అన్నారు ఆంటీ. “మీ నాన్నతో నేను మాట్లాడతా.”

నేను చరిత్రే చదివాను. గుడిలో రాయిని మాత్రం కాస్త వెడల్పుగా మళ్లీ చేయించాల్సి వచ్చింది. ఆంటీ పేరు పొడుగు.