నాయన కోసం తెచ్చిన పిల్లి

డాక్టరు నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. కడుపులో గడ్డ కాలేయం దాకా పాకిందని, ఇంక కోతలూ సూదులూ అని ఆయన్ని బాధపెట్టవద్దని, నొప్పి తెలియకుండా చూసుకుంటే చాలని చెప్పాడు. ఎన్నాళ్ళు అని అడిగితే మూడు నెలలు, మహా అయితే నాలుగు అన్నాడు. బయటికి వచ్చేసరికి నాయన వరండాలో బల్ల మీద, తన ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నాడు?"

"మందులు మార్చినాడు నాయనా."

ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. "నిన్ను ఒక్కదాన్నే పిల్చినాడంటే నాకు తెలీదా పాపా. పా, ఆటో చూడు."

అంతే. ఆ తర్వాత చాలా రోజులు ఆ సంగతి మా మధ్య మాటల్లోకి రాలేదు.

నాయన ఎర్రగుంట్లలో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీలకు బస్తాలు ఎత్తి బతికినవాడు. అమ్మ పోయాక కూడా అక్కడే, చర్చి వెనక వీధిలో, తన సంగటి తానే కెలుక్కుని తింటూ ఉండేవాడు. నేను కర్నూలులో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. పెళ్ళి చేసుకోలేదు. తోబుట్టువులు లేరు. జబ్బు బయటపడ్డాక ఆయన్ని నా దగ్గరికి తెచ్చుకున్నాను. పాత ఊళ్ళో, మేడ మీద రెండు గదులు. కింద ఇంటి యజమానురాలు ఉంటుంది, అరవై దాటిన ముస్లిం ఆవిడ. వీధిలో అందరూ ఆమెను అక్క అనే అర్థంలో ఆపా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను.

తొమ్మిదికి వెళ్తే ఐదున్నరకు గానీ తిరిగి రాను. పగలు చూసుకోవడానికి ఒక ఆయాను పెడితే పది రోజులకే నాయన పంపించేశాడు. ఆమె ఫోన్లో మాట్లాడుతుంటే తల నొస్తోందట. మధ్యాహ్నం ఆపా ఒకసారి పైకి వచ్చి టీ ఇచ్చి వెళ్ళేది. ఒక సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే ఆపింది.

"మీ నాయన పొద్దంతా కిటికీ కాడనే కుచ్చుంటాడు బేటా. నేను పోతే ఈ సందులోకి ఈ పొద్దు ఎన్ని ఆటోలు వచ్చినాయో చెప్తాడు. దానికి నేనేం చెప్పల్ల?"

సెలవులు పెట్టి చూశాను. నిజం చెప్పాలంటే నేను ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా ఆయనకు తోడు దొరకలేదు. మా ఇంట్లో మాట్లాడే మనిషి అమ్మ ఒక్కతే. ఆమె మాటల మీదే మేమిద్దరం తండ్రీకూతుళ్ళుగా నడిచాం. ఆమె లేకుండా ఒక గదిలో కూర్చుంటే, రైలు కోసం ఎదురుచూసే ఇద్దరు మనుషుల్లా ఉండేవాళ్ళం. "పనికి పోలేదా?" అని ఆయన అడిగేవాడు. గంట తర్వాత మళ్ళీ అదే అడిగేవాడు.

మా లైబ్రరీ అటెండరుది కమలాపురం. ఆమె అత్త చనిపోయి నెల అయింది. ఒక రోజు పుస్తకాలు సర్దుతూ మామూలుగా చెప్పింది: "మా అత్త సాకిన పిల్లి ఒకటుండాది మేడం. ఆయమ్మ పోయినప్పట్నుంచీ ఆ ఇంట్లోనే కుచ్చోని అరుస్తాండాది. ఇల్లు బాడుగకిస్తాండాము. దాన్ని యాడన్నా చేన్లల్లో వదిలిపెట్టల్ల."

"నాకిస్తావా?" అన్నాను. ఆ మాట అనేదాకా నాకు పిల్లి ఆలోచనే లేదు.

"మీకేంటికి మేడం? ముసిల్ది అది."

ముసలిదైతేనే మంచిదనుకున్నాను. పిల్లిపిల్ల అయితే గెంతుతుంది, ఆయన దాని వెంట పరిగెత్తలేడు. ఇదైతే పడుకుని ఉంటుంది.

ఆదివారం తెల్లవారకముందే బయలుదేరాను. కాలేజీలో పరీక్షల పని ఉందని నాయనకు అబద్ధం చెప్పాను. "ఆదివారం కూడానా?" అన్నాడు. జీవితంలో ఆదివారం ఆరాధన తప్పించని మనిషి. తలూపి బస్టాండుకు వెళ్ళాను. ప్రొద్దుటూరులో బస్సు మారి, మా ఎర్రగుంట్ల మీదుగానే కమలాపురం చేరాను. అత్త ఇల్లు ఖాళీ చేస్తున్న అటెండరు మొగుడు పిల్లిని మూత ఉన్న వెదురుబుట్టలో పెట్టి, తాడు కట్టి ఇచ్చాడు. బూడిద రంగు ఆడపిల్లి. ఒక చెవి కొస చీలి ఉంది. సంగటి పాలల్లో పిసికి పెడితే తింటుందని, చేపలు ముట్టదని చెప్పాడు.

తిరుగుబస్సులో అది దారి పొడుగునా అరిచింది. కండక్టరు నా సీటు దగ్గర ఆగాడు.

"ఏముండాది మ్మా బుట్టలో?"

"పిల్లి."

"ఇంట్లో ఎలకలు శానా ఉండాయా?"

"లేదప్పా. మా నాయనకు బాగలేదు."

అతను టికెట్టు చించి ఇచ్చి ముందుకు వెళ్ళాడు. నేను బుట్ట మీద చెయ్యి పెట్టి కిటికీలోంచి ఎండిన చెనక్కాయ చేలు చూస్తూ కూర్చున్నాను. నేను చేస్తున్న పని ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పగలనా అనిపించింది. చెప్పడానికి ఎవరూ లేరు కూడా.

ఇంటికి వచ్చి బుట్ట తాడు విప్పాను. పిల్లి ఒక్క ఉరుకున బీరువా కిందికి దూరింది. నాయన మంచం మీద నుంచి చూశాడు.

"ఏంటికి తెచ్చినావు దీన్ని?"

"నీకు తోడుంటాదని."

"నేను పోయినాక?"

ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. బుట్ట మూత పెడుతూ, "నేను చూసుకుంటా" అన్నాను.

"నువ్వా? పొద్దున పోతే మాపటికి వస్తావు" అని అటు తిరిగి పడుకున్నాడు.

మూడు రోజులు అది బీరువా కిందే ఉంది. మేము పడుకున్నాక వచ్చి తినిపోయేది. తప్పు పని చేశానని, తిరిగి కమలాపురం పంపడమే మంచిదని నాలుగో రోజు అనుకున్నాను. ఆ సాయంత్రం ఆపా గుమ్మంలోనే ఎదురైంది. మధ్యాహ్నం టీ తీసుకుని పైకి పోతే నాయన నేల మీద ఉన్నాడట. పడిపోయాడేమోనని ఆమె కేక వేయబోయింది. ఆయన వేలు పెదవుల మీద పెట్టి, "గమ్మునుండు ఆపా, ఇప్పుడిప్పుడే వస్తాండాది" అన్నాడట. నేల మీదికి ఎలాగో దిగాడు గానీ లేవలేకపోయాడు. పిల్లి బయటికి వచ్చి ఆయన వేళ్ళ మీది పాలు నాకేదాకా ఆపా గుమ్మంలోనే నిలబడి, ఆ తర్వాత పక్కింటావిణ్ణి పిలిచింది, ఇద్దరూ పట్టి మంచం మీదికి చేర్చారు.

అప్పటినుంచి అది ఆయన పిల్లి. ఆయనకు అంబలి తప్ప మరొకటి లోపలికి పోయేది కాదు. దానికీ అదే. ఒకే గిన్నెలో కాచి రెండు భాగాలు చేసేదాన్ని. పేరు పెట్టమంటే, "పిల్లికి పేరేంది" అని కొట్టేశాడు. కానీ "ఏమే" అని పిలిచేవాడు. అమ్మను అలాగే పిలిచేవాడు. అది మొదటిసారి విన్నప్పుడు నేను వంటింట్లో ఉన్నాను, చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది.

కిటికీ దగ్గర కూర్చోవడం తగ్గింది. ఆటోల లెక్క మానేశాడు. బస్తాలు మోసి గట్టిపడిన ఆ పెద్ద చేతుల్లో ఇప్పుడు ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు, ఆ చేతులతోనే దాని వీపు నిమురుతూ పడుకునేవాడు. నేను దగ్గరికి పోతే మాత్రం పిల్లి లేచి మంచం అవతలి వైపుకు వెళ్ళేది. బుట్టలో కట్టి బస్సులో తెచ్చినదాన్ని నేనే కదా, అది మర్చిపోలేదనుకుంటాను. కష్టపడి తెచ్చింది నేను, ప్రేమ ఆయనకు. సిగ్గు విడిచి రాస్తున్నాను, నాకు అసూయగా ఉండేది. ఎవరి మీదో కూడా తెలియదు.

ఒక రోజు కాలేజీలో ఎవరో పెద్దాయన పోయాడని మధ్యాహ్నమే సెలవిచ్చారు. మెట్లెక్కుతుంటే పైనుంచి నాయన గొంతు వినిపించింది. ఎర్రగుంట్ల నుంచి చర్చివాళ్ళెవరైనా వచ్చారేమో అనుకున్నాను. గుమ్మం దగ్గర బయటివాళ్ళ చెప్పులు లేవు. తలుపు ఓరగా వేసి ఉంది.

"యాభై కిలోల బస్తా ఒక్క ఊపున భుజానికి ఎత్తేవాణ్ణి" అంటున్నాడు నాయన. "పైన ఎండ, కింద సిమెంటు దుమ్ము. ఒక్కనాడన్నా భయమనేది తెలీదు. ఇప్పుడు చెంబు ఎత్తలేకపోతాండా." ఒకసారి దగ్గాడు. "భయమైతాండాదే. ప్రభువు కాడికే పోయేది అని తెల్సు, అయినా భయమైతాండాది. పాపకు చెప్తే ఏడుస్తాది. ఏడిస్తే ఊరుకోబెట్టేకి దానికి ఎవురుండారు?"

లోపలికి వెళ్ళి ఆయన్ని పట్టుకుని ఉండాల్సింది. ఇప్పటికీ అనుకుంటాను. ఆ రోజు మాత్రం చప్పుడు కాకుండా ఐదారు మెట్లు దిగి కూర్చుండిపోయాను. ఆయన పిల్లికి చెప్పిన మాట అది, నాకు చెప్పింది కాదు. దొంగతనంగా విన్న మాటను పట్టుకుని ఎలా వెళ్ళను? కాసేపటికి లేచి, చెప్పులు టపటప కొట్టుకుంటూ మళ్ళీ మెట్లెక్కాను. నేను లోపలికి అడుగుపెట్టేసరికి ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

ఆ వారమంతా ఏదో ఒక వంకతో దగ్గర కూర్చున్నాను. "నాయనా, నాకేమన్నా చెప్పల్లనుందా?" అని ఒకసారి అడిగేశాను.

"ఏముంటాది చెప్పేకి. అన్నం తిన్నావా నువ్వు?"

"తిన్నా."

"సరే అయితే."

ఒక పొద్దున నేను టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటుంటే, "ఈ పొద్దు పోవద్దులే పాపా" అన్నాడు. నా నలభై రెండేళ్ళలో ఆయన నన్ను ఆగమని అడిగింది ఆ ఒక్కసారే. సంచి దించి మంచం పక్కన కూర్చున్నాను. ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది. పిల్లి పదిన్నర ప్రాంతంలో ఆయన పక్కనుంచి దిగి, తడి గచ్చు మీదికి పోయి పడుకుంది. పిల్లులకు ముందే తెలుస్తుంది అంటారు. దానికేం తెలిసిందో నేను చెప్పలేను, ఎండాకాలం, ఉక్కగా ఉండి ఉంటుంది. పదకొండు దాటాక నాయన ఊపిరి ఆగింది. మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఎర్రగుంట్లలో అమ్మ పక్కనే పెట్టాం. చర్చివాళ్ళు పాటలు పాడారు, అన్నం వండి పెట్టారు, ఉండిపొమ్మన్నారు. మూడో రోజు కర్నూలు వచ్చేశాను. పిల్లి ఆపా దగ్గర ఉంది. తీసుకోబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఒక మాట చెప్పల్ల బేటా. మీ నాయన నాతో మాట తీస్కున్నాడు. 'నేను పోయినాక పిల్లిని నీ కాడ పెట్టుకో ఆపా, పాప పొద్దంతా ఇంట్లో ఉండదు, అది ఒక్కటే ఉండలేదు' అన్నాడు."

"నా గురించి ఏమన్నా చెప్పినాడా?"

ఆమె ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి ఆమెకు కావలసినంత సమయం ఉంది. "లేదు బేటా" అంది. "పిల్లి గురించే చెప్పినాడు."

అయినా నేను పిల్లిని ఆమెకు వదల్లేదు. నాయనది అంటూ మిగిలింది అదొక్కటే అన్నాను. పైకి తీసుకుపోయాను. నెల రోజులు అది నా దగ్గర ఉంది. పొద్దున అంబలి పెట్టి తాళం వేసుకుని వెళ్ళేదాన్ని, సాయంత్రం వచ్చేసరికి సగం అలాగే ఉండేది. నేను మాట్లాడాలని చూశాను. "ఏమే" అని నేను పిలిస్తే అది తల కూడా తిప్పేది కాదు.

ఒక శనివారం తలనొప్పిగా ఉండి మధ్యాహ్నమే వచ్చాను. ఆటో దిగుతూనే, సందు మొదట్లోనే దాని అరుపు వినిపించింది. కమలాపురం బస్సులో అరిచినట్టే. రోజూ ఇలాగే అరుస్తుందా అని ఎదురింటావిణ్ణి అడిగాను. "మీరు పోయిన కాన్నుంచి వచ్చేదాకా" అందామె. "ఆపానే చెప్పొద్దనింది. మీరు బాధపడతారని."

ఎండలో కాసేపు అక్కడే నిలబడ్డాను. నాయన ఒంటరిగా ఉన్నాడని తెచ్చిన ప్రాణాన్ని, నేను ఒంటరిగా ఉన్నానని తాళం వేసి పెట్టాను. పైకి వెళ్ళి దాన్ని తువ్వాలులో చుట్టుకుని కిందికి వచ్చాను. ఆపా లేచి తలుపు పూర్తిగా తెరిచింది. పిల్లి తువ్వాలులోంచి దూకి, ఆమె మంచం కిందికి పోయి, అక్కడ ఇంకా తీయకుండా ఉంచిన తన గిన్నె వాసన చూసింది.

ఇప్పుడది అక్కడే ఉంటుంది. కాస్త ఒళ్ళు చేసింది. సాయంత్రం నేను వస్తే ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకుంటుంది. నేను మెట్ల వైపు తిరిగితే ఆపా లోపలినుంచి అంటుంది: "అంత తొందరగా పోయేకి పైన ఎవురుండారు బేటా? కుచ్చో, టీ పెడ్తాండా."

ఆమె మాటలో ఎత్తిపొడుపు ఏమీ ఉండదు. ఉన్నదే చెబుతుంది. కూర్చుంటాను, టీ అయ్యేదాకా.