మారని తుమ్మబొగ్గు

ఆ రోజుల్లో యుద్ధం వచ్చి పెట్రోలు కరువైంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సు వెనక పొయ్యి తగిలించి, తుమ్మబొగ్గు కాల్చి ఆ పొగతోనే నడిపేవారు. నాకేమో సైన్సు అయ్యవారి ఉద్యోగం కొత్త. తెలిసింది గోరంత, చెప్పాలన్న తహతహ కొండంత. ఒక ఆదివారం ఆ బస్సులోనే పెళ్లిచూపులకు బయలుదేరాను. నాలుగున్నరకు రాహుకాలం, ఆలోపు రాకపోతే ఆ సంబంధం మాట మరిచిపొమ్మని పిల్ల తండ్రి ముందే కబురు పంపారు.

సగం దారిలో బస్సు ఆగింది. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించేచోట గోరంత కార్బన్ ముక్క ఉంటుందట, అది అరిగిపోయిందన్నాడు డ్రైవరు. నా నోరు ఊరుకుంటుందా? బొగ్గూ అదీ ఒకే పదార్థమని, చిందరవందరగా ఉన్న బొగ్గు కణాలు బాగా కాలిస్తే పొరలు పొరలుగా సర్దుకుంటాయని, అప్పుడు బొగ్గు పెన్సిలు ముల్లులా మారి కరెంటును పోనిస్తుందని పాఠం చెప్పేశాను. ఒక అవ్వ దగ్గర ముంత అడిగి, బొగ్గు ముక్క వేసి, మట్టితో మూతి మెత్తి, బస్సు పొయ్యిలో పెట్టి, మంట రేగేలా దాని గాలిచక్రం గంటన్నర తిప్పాను. (ప్రయాణికులంతా పాపం నా చుట్టూ భక్తిగా కూర్చున్నారు.) తెరిచి చూస్తే బొగ్గు బొగ్గులాగే ఉంది. అప్పటికి నాలుగు దాటింది.

డ్రైవరు తన టార్చిలోని పాత సెల్లు పగలగొట్టి, లోపలి నల్లటి కార్బన్ పుల్ల తీసి, రాతిమీద అరగదీసి బిగించాడు. బస్సు కదిలింది. ఈ సంగతి ముందే చెప్పకూడదా అని అడిగాను.

"అయ్యోరు పాఠం సెప్తాంటే నడమ ఎట్ల మాట్లాడేది సామీ?"

చేరేసరికి అయిదైంది. పిల్ల తండ్రి నన్ను, నా మసిమొహాన్ని, అరుగు మీదే కూర్చోబెట్టారు. ఈలోగా డ్రైవరు వీధి వీధికీ కథ చెప్పేశాడు. సంబంధం పోయిందనుకున్నాను, నిజంగా ఏడుపొచ్చింది. అంతలో కిటికీ లోపల నుంచి ఆడగొంతు వినిపించింది.

"గంటన్నరసేపు తిప్పినాడంటే ఓర్పు ఉన్నోడేలే నాయనా. రాహుకాలం పోయినాక లోపలికి పిలువు."

చాలా ఏళ్ల తర్వాత ఒక పుస్తకంలో చదివాను. కట్టెబొగ్గును ఎంత వేడిలో కాల్చినా పొరలు తిన్నగా సర్దుకోవట, దాని పుట్టుకే అంతట. కొలిమి కాదు కదా, ఏ మంటా దాన్ని మార్చలేదు. పరుగున వెళ్లి, వేరుశనగ బుడ్డలు ఒలుస్తున్న మా ఆవిడకు చెప్పాను. ఆమె తల ఎత్తలేదు.

"ఆ పొద్దు అరుగు మీద చూస్తానే అనుకుంటి, ఇది మారే బొగ్గు కాదని. అయినా పిలువమంటి."

పొరల సంగతి ఇంకా మిగిలే ఉంది. చెప్పబోయి ఊరుకుని, పక్కన కూర్చుని నేనూ నాలుగు బుడ్డలు ఒలిచాను.