ధర్పల్లిలో లేని దుకాణం

నిజామాబాద్‌లో నాది కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం. మా వెబ్‌సైట్‌ను సెర్చ్‌లో పైకి తెస్తానన్న ఒకాయన నాకు చెప్పకుండా ఊరికో పేజీ పెట్టాడు: వేల్పూర్‌లో మా దుకాణం ఉందట, మోస్రాలో ఉందట, ధర్పల్లిలోనూ ఉందట.

ఒక మధ్యాహ్నం ఒక రైతు ఆటోలో మోటారు వేసుకొని వచ్చి, ధర్పల్లి పేజీ తెరిచిన ఫోన్ నా ముందు పెట్టాడు. "ధర్పల్లి అంత తిరిగిన సేటూ, నీ దుకానం ఏడున్నది? నా పొలం ఎండుతున్నది ఆడ!"

నాకు తలకొట్టేసినట్టయింది. వెంటనే ఆ పేజీలు పెట్టినాయనకు ఫోన్ చేశాను.

"గట్ల పెడ్తెనే పైకొస్తది అన్నా," అన్నాడు.

"పైకొచ్చి ఏం జేస్తది? నువ్వు పోయి మోటరు ఇప్పుతవా ఆడ? ఊరూరికి అబద్ధం జెప్పి నన్ను బద్నాం జేస్తివి!"

ఆ పేజీలన్నీ నేనే పీకేశాను. ఒక్కటే ఉంచి, మా షట్టర్ ఫొటో పెట్టి, బస్టాండు నుంచి ఎటు తిరగాలో రాశాను. కింద ఇదీ రాశాను: "ధర్పల్లిలో మాకు దుకాణం లేదు. మోటారు నిజామాబాద్‌కే తేవాలి."

ఇప్పుడు ధర్పల్లిలో మోటారు వైండింగ్ అని వెతికినా ఆ పేజీయే ముందు వస్తోంది. మొన్న ఆ పేజీలు పెట్టినాయనే ఫోన్ చేశాడు.

"అన్నా, గిదేం ట్రిక్కు?"

ట్రిక్కట!