పొద వెనక ఊ కొట్టింది ఎవరు?

మా ఇల్లు దయ్యాల కథలకు బాగా పనికొచ్చే ఇల్లు. పాత కోట, ఎత్తు గోడలు, తాళం తీయని గదులు. ఎవరికి చెప్పినా మొదట అదే అడుగుతారు: ఏమైనా కనపడేవా? కనపడేవి, గబ్బిలాలు. అంతకు మించి మా ఇంట్లో ఎవరూ ఏమీ చూడలేదు. దయ్యం మాటెత్తిన వాళ్ళను మా నాన్నగారు ఎదురుగా నిలబెట్టి, ఎక్కడ చూశావు, ఎంత దూరం నుంచి చూశావు, వెలుతురు ఎటు ఉంది అని అడిగేవారు. రెండో ప్రశ్నకే కథ చెదిరిపోయేది. నేనూ ఆ పద్ధతిలోనే పెరిగాను. ఇది కూడా ఆ ప్రశ్నలు వేసుకునే రాస్తున్నాను.

విజయనగరం వైపు మాదొక చిన్న జమీ. నేను పుట్టకముందే పోయింది. కోట ముందు భాగం ఇప్పుడు పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే హాలు. ఆ సంగతి నేనుగా ఎవరికీ చెప్పను, అడిగితే దాచను. నిటారుగా కూర్చోవడం, తప్పు లేని ఇంగ్లీషు, ఇవి రెండూ మా వాళ్ళు నాకు మిగిల్చారు. ఆ ఇంగ్లీషుతోనే ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో గౌరవంగా బతుకుతున్నాను.

ఇక్కడ ఒక భాషా కేంద్రంలో పాఠాలు చెబుతాను. చైనా యూనివర్సిటీల నుంచి విద్యార్థులు ఒక టర్మ్ ఉండి వెళ్ళేలా వస్తారు. వాళ్ళ దేశంలో ఇంగ్లీషు పోటీలంటే చిన్న విషయం కాదు. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకు ఒక రౌండు ఇక్కడే పెడతారు. అప్పటికప్పుడు ఒక అంశం ఇస్తారు. కాసేపు ఆలోచించుకుని, చేతిలో కాగితం లేకుండా జడ్జీల ముందు మాట్లాడాలి. దానికి సాధన చేయించడం నా పని.

పోయిన వసంతంలో వచ్చిన బృందం నుంచి పోటీకి ఎంపికైన అమ్మాయి పేరు మేపుల్. అది ఆమె పెట్టుకున్న ఇంగ్లీషు పేరు. ఈ పిల్లలు ఇంగ్లీషు పేర్లు తామే ఎంచుకుంటారు. ఒక కుర్రాడు ఛాంపియన్ అని పెట్టుకున్నాడు. ఆ పేరుతో రోజూ హాజరు పిలవడం నాకు కొంచెం కష్టంగానే ఉండేది. ఛాంపియన్ రిజర్వులో ఉన్నాడు.

మేపుల్ రాసిన ఇంగ్లీషులో నేను దిద్దడానికి ఏమీ ఉండేది కాదు. మాట్లాడటానికి లేస్తే మాత్రం నాలుగు వాక్యాలు చక్కగా చెప్పి, ఊపిరి తీసుకోవడానికి ఆగేది. ఆ ఆగడం ఆగడమే. మళ్ళీ మాట వచ్చేది కాదు. చెవులు ఎర్రబడి, నేల చూపులు చూస్తూ కూర్చుండిపోయేది. వాళ్ళతో వచ్చిన చైనా టీచరు మిస్ ఝావ్ మర్యాదస్తురాలే కానీ, తేల్చి చెప్పేసింది. గురువారం ట్రయల్ పెడతాను, అందులో చివరిదాకా మాట్లాడితే మేపుల్ వెళ్తుంది, ఆగిపోతే ఛాంపియన్ వెళ్తాడు అంది.

నా క్లాసులో ఒక నియమం ఉండేది. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్ళు తల ఊపకూడదు, నవ్వకూడదు, శబ్దం చేయకూడదు. జడ్జీలు అలాగే కూర్చుంటారు కాబట్టి మనమూ అలాగే కూర్చుని అలవాటు చేయాలన్నది నా వాదన.

నేను అద్దెకుండే ఇంటి యజమానురాలు కవితగారిది వరంగల్. జీపీ సర్జరీలో, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షన్‌లో పనిచేస్తారు. నన్ను ఎగతాళి చేయాలంటే దొరవారూ అంటారు, మామూలుగా అయితే అన్నా అంటారు. ఈ నియమం సంగతి విని చాయ్ గ్లాసు కింద పెట్టేశారు.

“గట్ల బొమ్మల్లెక్క కూసుంటే ఆ పిల్ల ఏం మాట్లాడ్తది దొరవారూ? మా సర్జరీల డాక్టర్ గట్ల చూసిండనుకో, పేషెంట్లు నొప్పి ఎక్కడున్నదో మర్చిపోతరు.”

“అది క్రమశిక్షణండీ,” అన్నాను.

“అయితె మీరే చేసుకోండ్రి. పిల్లను వదిలిపెట్టుండ్రి.”

చైనా యూనివర్సిటీల్లో ఒక అలవాటు ఉంది. పొద్దున్నే ఆరుబయటికి వెళ్ళి, ఎవరికి వారు దూరదూరంగా నిలబడి, గొంతెత్తి పాఠం చదువుతారు. ఇక్కడికి వచ్చినా మానరు. కేంద్రం దగ్గరి చెరువు చుట్టూ చేరేవారు. ఒకరు నీటికి చదివి వినిపిస్తే ఇంకొకరు విల్లో చెట్టుకు వినిపించేవారు. ఛాంపియన్ బాతులకు ఉపన్యాసం ఇచ్చేవాడు. కుక్కల్ని తిప్పుకునే ఇంగ్లీషువాళ్ళు మొదట్లో చుట్టు తిరిగి పోయేవారు. తర్వాత తర్వాత వాళ్ళే ఆగి, ఇవాళ ఏం పాఠం అని అడిగేవారు.

ఈ ఊళ్ళో అందరూ కార్లలోనే తిరుగుతారు. నేను మాత్రం ఆ చెరువు పక్క నుంచి నడిచి వెళ్తాను. ట్రయల్ వారం మొదట్లో అలా వెళ్తుంటే మేపుల్ గొంతు వినపడింది. ముళ్ళపొదల కంచెకు ముందు నిలబడి ఏదో అంశం మీద మాట్లాడుతోంది. నాలుగు వాక్యాలు అయ్యాయి. ఆగింది. తల కొంచెం పక్కకు వంచింది. వెంటనే మళ్ళీ అందుకుంది. అలా ఆగుతూ, అందుకుంటూ చివరిదాకా వెళ్ళింది. మధ్యలో నవ్వింది కూడా. చాటుగా వినడం మాకు అలవాటు లేదు కనుక దారి మధ్యలోనే నిలబడి విన్నాను.

క్లాసులో మెచ్చుకుంటే ఆమె లేచి నిలబడి, “ఆ ఆంటీని పంపినందుకు థాంక్యూ సర్,” అంది.

ఇక్కడ పెద్దవాళ్ళను ఆంటీ అనడం ఆమె మన విద్యార్థుల దగ్గర నేర్చుకున్నట్టుంది. ఏ ఆంటీ అని అడిగాను.

“పొద వెనక ఉంటారు కదా. నేను ఆగినప్పుడల్లా చెప్పమని అంటారు. మాటలతో కాదు, ఇలా.”

ఆ అమ్మాయి ఊఁ అంది. మన ఊ. మొదట కిందికి దిగి, సాగి, చివర పైకి లేచే ఊ. తర్వాత, “బాగుంటే ఇలా రెండుసార్లు అంటారు,” అని పొట్టిగా ఊఁ, ఊఁ అంది. అలా అంటూ ఎడమ బుగ్గ లోపల నాలుక పెట్టి ఉబ్బించింది.

“బుగ్గ ఎందుకు అలా పెట్టావు?” అని అడిగాను.

“ఆవిడ గొంతు అలా ఉంటుంది సర్. ఎప్పుడూ ఏదో తింటుంటారా?”

నేను కుర్చీలో కూర్చున్నాను. అప్పటిదాకా నిలబడే ఉన్నానని కూర్చున్నాకే తెలిసింది.

మా ఇంట్లో ఆడవాళ్ళకు ఘోషా ఉండేది. బయటివాళ్ళకు కనపడేవారు కారు. చిన్నప్పుడు అతిథులు వస్తే నాన్నగారు నన్ను హాలు మధ్యలో నిలబెట్టి ఇంగ్లీషు పద్యాలు చెప్పించేవారు. పెద్దలెవరూ ముఖం కదిపేవారు కారు. అది మా మర్యాద. నేను పద్యం మధ్యలో ఆగిపోయేవాణ్ణి. అప్పుడు తలుపుకు అవతల, పరదా వెనక నుంచి మా మేనత్త ఊ కొట్టేది. ఆమెకు ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు. కథ వింటున్నట్టు ఊ కొట్టేది. ఎడమ బుగ్గన తాంబూలం ఉండేది కనుక ఆ ఊ కొంచెం మూసుకుపోయి వచ్చేది. నచ్చితే పొట్టిగా రెండు. ఆ ఊత దొరికితే నేను పద్యం పూర్తి చేసేవాణ్ణి. అత్తయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆమె గురించి ఈ దేశంలో నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు నాన్నగారి పద్ధతిలోనే పరీక్ష చేద్దామని వెళ్ళాను. కంచె వెనకకు పోయి నిలబడ్డాను. అక్కడ దురదగొండి, ఆ వెనక గట్టు, గట్టు మీద రోడ్డు. మనిషి రోజూ నిలబడితే మొక్కలు నలిగి ఉండాలి. నా బూట్ల కింద నలిగినవి తప్ప వేరే ఏవీ నలగలేదు. అవతల మేపుల్ మాట్లాడింది, ఆగింది, అందుకుంది. నాకు కార్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

పొద చుట్టూ తిరిగి ఇవతలికి వస్తే ఆమె ముఖం వెలిగిపోతోంది. “ఆవిడ ఇవాళ చాలా సంతోషంగా ఉన్నారు సర్! మీ పక్కనే నిలబడ్డారా?”

“నువ్వు ఎప్పుడూ ఆవిడను చూడలేదా?”

“మొదటి రోజు తొంగి చూశాను. ఎవరూ లేరు. కనపడటం ఆవిడకు ఇష్టం లేదేమో అనుకున్నాను. తర్వాత చూడలేదు.”

మా ఇంట్లో పుట్టిన పిల్ల కూడా అంత మర్యాదగా ఉండేది కాదు.

సాయంత్రం కవితగారికి మొత్తం చెప్పాను. భయపడతారనుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని నవ్వారు.

“దయ్యమంటే భయపెట్టాలె గానీ ఊ కొడతదా అన్నా? గంత మంచి మేనత్త మాకు లేకపాయె. అయినా పెద్దామెకు ఎందుకు శ్రమ, మీరే ఊ కొట్టరాదుండ్రి?”

“మా ఇంట్లో మగవాళ్ళు ఊ కొట్టరండీ.”

“ఎందుకు? నోట్ల ముత్యాలు రాల్తయా?”

గురువారం మధ్యాహ్నం ట్రయల్. పై అంతస్తులో గది, కిటికీలు మూసి ఉన్నాయి, తలుపు వేసి ఉంది. కార్లు గుండ్రంగా తిరిగి వెళ్ళే ఈ ఊరి కూడళ్ళు, రౌండ్అబౌట్లు, మిస్ ఝావ్‌ను బాగా ఆకట్టుకున్నట్టున్నాయి. రౌండ్అబౌట్ మనకు ఏం నేర్పుతుంది అన్నది అంశంగా ఇచ్చింది.

మేపుల్ లేచింది. సిగ్నల్ లేకపోయినా ఇక్కడ ఒకరికొకరు దారి ఇచ్చుకుంటారని మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలు అయ్యాయి. ఆగింది.

గది నిండా నేను తయారుచేసిన రాతి ముఖాలు. ఆమె చెవులు ఎర్రబడుతున్నాయి. ఛాంపియన్ తల దించుకున్నాడు, ఆ చోటు తనకు ఇలా రావడం వాడికీ ఇష్టం లేదు. నేను తలుపు వైపు చూశాను. దయ్యాల్లేవని నమ్మేవాణ్ణి, మా అత్తయ్య కోసం ఎదురుచూస్తున్నాను. ఏమీ రాలేదు. మగవాళ్ళున్న గది, పరాయి మనుషులు. ఆవిడ రాదు.

ఊఁ అన్నాను. బొంగురుగా, మరీ పెద్దగా వచ్చింది. మిస్ ఝావ్ ఉలిక్కిపడి నా వైపు తిరిగింది. నేను నిటారుగానే కూర్చున్నాను.

మేపుల్ నన్ను చూసింది, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది, అందుకుంది. ముందు తిరిగేవాళ్ళకు దారి ఇవ్వడం ఓడిపోవడం కాదని, తన వంతు వచ్చినప్పుడు ఆగకపోవడం కూడా మర్యాదేనని చెప్పింది. మళ్ళీ ఊపిరి కోసం ఆగింది. నేను గొంతు సవరించుకున్నాను. నోరు తెరిచే లోపలే తలుపు అవతల నుంచి వచ్చింది.

కిందికి దిగి, సాగి, చివర పైకి లేచింది. కొంచెం మూసుకుపోయి ఉంది.

నాకు ఒక్కడికే కాదు, గదిలో అందరికీ వినపడింది. అందరూ తలలు తిప్పారు. తలుపు పక్కనే కూర్చున్న ఛాంపియన్ లేచి తీశాడు. ఖాళీ కారిడార్. అటూ ఇటూ చూసి, చేతులు విప్పి చూపించి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. తలుపు మాత్రం వేయలేదు, ఓరగా వదిలాడు. ఎందుకలా చేశావని తర్వాత అడిగితే, ఆవిడకు సరిగ్గా వినపడాలి కదా అన్నాడు.

మేపుల్ ఇక వెనుదిరిగి చూసుకోలేదు. బ్రేకు వేయడం మరిచిపోయిన డ్రైవరులా గుండ్రంగా తిరిగి తిరిగి, సరైన దారిలో బయటపడింది. చివరి వాక్యం తర్వాత తలుపు అవతల నుంచి పొట్టిగా రెండు వినపడ్డాయి. నా నియమం మరిచిపోయి అందరూ చప్పట్లు కొట్టారు. మొదట కొట్టింది ఛాంపియన్.

మిస్ ఝావ్ తన కాగితాలు సర్దుకుంటూ, “బయట ఎవరు?” అని అడిగింది.

నాకు దొరికిన జవాబు ఒక్కటే. “మా ఇంటివాళ్ళు.”

“లోపలికి రమ్మనండి, పాపం.”

“ఆవిడ రారండి.”

మిస్ ఝావ్ తల ఊపింది. మేపుల్ వెళ్తుందని చెప్పింది.

కిందికి వెళ్ళి విచారించాను. ఆ మధ్యాహ్నం ఆ అంతస్తులో వేరే క్లాసు లేదు. మెట్ల మీదుగా ఎవరూ పైకి వెళ్ళలేదని రిసెప్షన్‌లో చెప్పారు. నీళ్ళ గొట్టాల చప్పుడేమో అని అక్కడి ఇంగ్లీషాయన అన్నాడు. నీళ్ళ గొట్టం వాక్యం అయ్యేదాకా ఆగి, చివర మెచ్చుకుంటుందా?

శనివారం పోటీ వాట్‌ఫర్డ్‌లో జరిగింది. పెద్ద హాలు, కదలని ముఖాలతో జడ్జీలు. మేపుల్ మొదలుపెట్టింది, ఆగింది. ఏ ఊ వినపడలేదు. నేనూ అనలేదు. ఆమె తల కొంచెం పక్కకు వంచి, ఒక ఊ పట్టేంత సేపు నింపాదిగా ఆగి, తానే అందుకుంది. ప్రతి చోటా అలాగే చేసింది. రెండో స్థానం వచ్చింది, చైనాలో జరిగే ఫైనల్‌కు పిలుపు వచ్చింది. ఒక జడ్జీ ఆమె దగ్గరికొచ్చి, అందరూ మాట్లాడటం నేర్చుకుని వచ్చారు, నీకు ఆగడం కూడా తెలుసు అని మెచ్చుకున్నాడు. వచ్చేటప్పుడు బస్సులో ఛాంపియన్ ఆమె కప్పు నెత్తిన పెట్టుకుని పాటలు పాడాడు. నేను వద్దనలేదు.

ఆ తర్వాత ఆ శబ్దం ఎవరికీ వినపడలేదు. గడప దాటి ఎరగని మనిషి ఇంత దూరం ఎలా వచ్చింది? నాకు పొద వెనక వినపడనిది ఆ అమ్మాయికి ఎలా వినపడింది? నాన్నగారి ప్రశ్నలన్నీ వేసుకున్నాను. ఎక్కడ అన్నదానికి జవాబుంది, ఎంత దూరం అన్నదానికీ ఉంది. ఎలా అన్నదానికి ఈ రోజు వరకూ లేదు.

వాళ్ళు తిరిగి వెళ్ళే రోజు పొద్దున్న మేపుల్ చెరువు దగ్గర నా కోసం ఆగింది. ఆంటీ పేరేమిటి, థాంక్స్ చెప్పాలి అంది. మా ఇంటి ఆడవాళ్ళ పేర్లు బయటివాళ్ళకు చెప్పడం మాకు లేదు.

“సుభద్రాయమ్మ,” అని చెప్పాను.

ఆమె రెండుసార్లు తప్పు పలికింది, మూడోసారి సరిగ్గా పలికింది. తర్వాత పొదకు ఎదురుగా నిలబడి, పాఠం చదివినట్టు గొంతెత్తి ఆ పేరు చెప్పింది. కుక్కను తిప్పుకుంటున్న ఒక పెద్దాయన ఆగి టోపీ తీశాడు.